వీపీఎన్ ఉంది, పింగ్ వెళ్తోంది, రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం కనెక్ట్ కావట్లేదు

సుధారాణి_అకౌంట్స్
రెండేళ్లుగా ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) ఆన్ చేసి, రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసులో నా సీటు దగ్గరున్న పీసీలోకి వెళ్తాను. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఆ పీసీలోనే ఉంది. సోమవారం నుంచి లోపలికి వెళ్లలేకపోతున్నాను. కాసేపు తిరిగి తిరిగి, కనెక్ట్ కాలేదంటూ ఒకటే మెసేజ్: రిమోట్ యాక్సెస్ ఆన్ చేసి లేదు, లేదా కంప్యూటర్ ఆపేసి ఉంది, లేదా నెట్‌వర్క్‌లో దొరకడం లేదు. మూడిట్లో ఏదో చెప్పదు.

వీపీఎన్ బాగానే కనెక్ట్ అవుతోంది. మెయిల్ వస్తోంది. షేర్డ్ ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి. నా పీసీకి పింగ్ కొడితే జవాబు కూడా వస్తోంది. నేనేమీ మార్చలేదు. హెల్ప్‌డెస్క్‌కి టికెట్ పెడితే "మా వైపు అంతా సరిగానే ఉంది, మీ ఇంటి ఇంటర్నెట్ చూసుకోండి" అని మూసేశారు. నెలాఖరు లెక్కలు ఐదు రోజుల్లో ముగించాలి. అమ్మకి ఆపరేషన్ అయింది, తనను ఒంటరిగా వదిలి రోజూ ఆఫీసుకి వెళ్లే వీలు లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కీబోర్డు_కిట్టు
ఆఫీసు పీసీ స్లీప్‌లోకి వెళ్లి ఉంటుంది. అక్కడున్న వాళ్లెవరినైనా ఒకసారి మౌస్ కదపమనండి.

మాధవి_టెస్టింగ్
@కీబోర్డు_కిట్టు పింగ్‌కి జవాబు వస్తోందని రాశారు కదా. స్లీప్‌లో ఉన్న పీసీ పింగ్‌కి పలకదు.

కీబోర్డు_కిట్టు
అవును, ఆ లైను చూడలేదు. అయితే ఫైర్‌వాలే.

రాత్రి_షిఫ్ట్
ఏ ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలకి కాపలా) అన్నది తేలాలి కదా. ఈ దారిలో కనీసం మూడుంటాయి: మేడమ్ ల్యాప్‌టాప్‌లో ఒకటి, వీపీఎన్‌కీ ఆఫీసు నెట్‌వర్క్‌కీ మధ్య ఒకటి, ఆఫీసు పీసీలో ఒకటి. హెల్ప్‌డెస్క్‌లో చాలాకాలంగా ఉన్నాను. "అంతా సరిగానే ఉంది" అని టికెట్ మూసేశారంటే వాళ్లు పింగ్ ఒక్కటే చూసి ఉంటారు.

సుధారాణి గారూ, ముందు ఇది చేయండి. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్ చేసి పవర్‌షెల్ (కమాండ్లు కొట్టే విండో) తెరవండి. అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. టెస్ట్-నెట్‌కనెక్షన్ అని కొట్టి, ఖాళీ వదిలి మీ ఆఫీసు పీసీ పేరు, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్ పోర్ట్, ఖాళీ, 3389 అని కొట్టండి. రిమోట్ డెస్క్‌టాప్ వాడే పోర్ట్ నంబరు అదే. వచ్చిన దాంట్లో నాలుగు చూడండి. రిమోట్ అడ్రస్ ఎంత? సోర్స్ అడ్రస్ ఎంత? ఇంటర్‌ఫేస్ దగ్గర వైఫై పేరుందా, వీపీఎన్ పేరుందా? చివర టీసీపీ టెస్ట్ సక్సీడెడ్ దగ్గర ట్రూ అని ఉందా, ఫాల్స్ అని ఉందా? ఇంకొకటి, ఫాల్స్ అయితే అది వెంటనే వచ్చిందా, చాలాసేపు ఆగి వచ్చిందా? ఆ తేడా ముఖ్యం.

ప్రసాద్_77
పింగ్ వెళ్తోందంటే నెట్‌వర్క్ బాగున్నట్టే కదా? మళ్లీ ఈ పరీక్ష దేనికి?

పాత_కేబుల్
@ప్రసాద్_77 చాలామంది అక్కడే పొరబడతారు. పింగ్ వాడేది ఐసీఎంపీ అనే ప్రోటోకాల్. దానికి పోర్ట్ అనేదే ఉండదు. వీధిలోంచి "ఇంట్లో ఉన్నారా" అని కేక వేస్తే "ఉన్నాం" అని పలకడం లాంటిది. పలికినంత మాత్రాన తలుపు తీసినట్టు కాదు. రిమోట్ డెస్క్‌టాప్ కావాలంటే 3389 అనే తలుపు తెరుచుకోవాలి. ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీకి ఒక రూలు, 3389కి ఇంకో రూలు ఉంటాయి. ఒకటి ఉండి రెండోది లేకపోవచ్చు. తిరగేసి కూడా జరుగుతుంది: పింగ్ పూర్తిగా ఆపేసిన ఆఫీసుల్లో రిమోట్ డెస్క్‌టాప్ చక్కగా నడుస్తుంటుంది. అందుకే పింగ్ రాలేదని పీసీ ఆగిపోయిందనుకోకూడదు, వచ్చిందని అంతా బాగుందనుకోకూడదు.

రాత్రి_షిఫ్ట్ గారు వెంటనేనా, ఆగి వచ్చిందా అని ఎందుకు అడిగారంటే, పీసీ దాకా మాట చేరి అక్కడ 3389 మీద వినేవాళ్లెవరూ లేకపోతే మామూలుగా తిరస్కారం వెనక్కి వస్తుంది. దారిలో ఫైర్‌వాల్ చప్పుడు లేకుండా పడేస్తే ఏ జవాబూ రాదు, మన వైపు ఎదురుచూసి ఎదురుచూసి ఆగిపోతుంది. ఇది నూటికి నూరు శాతం నమ్మదగ్గ గుర్తు కాదు. పీసీలోని విండోస్ ఫైర్‌వాల్ కూడా మామూలుగా చప్పుడు లేకుండానే పడేస్తుంది. కానీ ఎటు వెతకాలో చెబుతుంది.

మాధవి_టెస్టింగ్
పై పోస్టు దాచుకుంటున్నాను. మా టీంలో పింగ్ చూసి టికెట్లు మూసే అలవాటు అందరికీ ఉంది.

సుధారాణి_అకౌంట్స్
చేశాను. పేరు కొడితే రిమోట్ అడ్రస్ 10.40.5.23 అని వచ్చింది. నా పీసీ ఐపీ అదేనని పాత కాగితంలో రాసుకున్నాను, సరిపోయింది. సోర్స్ అడ్రస్ 10.21.3.7. ఇంటర్‌ఫేస్ దగ్గర వీపీఎన్ పేరే ఉంది. పింగ్ ట్రూ. టీసీపీ టెస్ట్ ఫాల్స్. చాలాసేపు ఆగి వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

రాత్రి_షిఫ్ట్
చాలా తేలింది. పేరు సరైన ఐపీకే వెళ్తోంది కాబట్టి డీఎన్‌ఎస్ (పేరును ఐపీగా మార్చేది) తప్పు లేదు. మీ ల్యాప్‌టాప్ ఈ కనెక్షన్‌ను వీపీఎన్ గుండానే పంపుతోంది కాబట్టి దారీ సరైనదే. మెయిలూ ఫోల్డర్లూ అదే దారిలో వస్తున్నాయి, కాబట్టి మీ ఇంటి ఇంటర్నెట్‌ను తప్పుపట్టే పనే లేదు. 3389 ఒక్కటే ఆగిపోతోంది.

విండో_సీటు
సోర్స్ అడ్రస్ చూడమనడం ఎంత మంచి సలహానో నా అనుభవం చెబుతాను. కొత్త ఆఫీసులో చేరాక నెలరోజులు ఇదే బాధ పడ్డాను. నా విషయంలో పింగ్ కూడా వచ్చేది, కానీ జవాబిస్తున్నది మా ఇంట్లో ప్రింటర్! మా ఇంటి రౌటర్ ఇచ్చే అడ్రసులు 192.168.1తో మొదలయ్యేవి. ఆఫీసులో నా పీసీది కూడా 192.168.1తోనే మొదలు. వీపీఎన్ ఆన్‌లో ఉన్నా, ఆ అడ్రసు మా ఇంట్లోనే ఉందనుకుని ల్యాప్‌టాప్ బయటికే పంపేది కాదు. మా ఇంటి రౌటర్‌లో అడ్రసుల వరుసను 192.168.77కి మార్చాను, అంతే, ఆ నిమిషంలోనే కనెక్ట్ అయింది. ఆ నెలరోజుల్లో విండోస్ రెండుసార్లు మళ్లీ ఎక్కించారు.

పాత_కేబుల్
@విండో_సీటు ప్రింటర్ పింగ్‌కి పలకడం నేనూ ఒకసారి చూశాను. రెండు వైపులా ఒకే అడ్రసుల వరుస ఉంటే ఇలాగే అవుతుంది. రౌటర్ కంపెనీలు మామూలుగా 192.168.0 లేదా 192.168.1తోనే పంపిస్తాయి. ఆఫీసువాళ్లు కూడా అదే పెట్టుకుంటే ఇంటి నుంచి పని చేసేవాళ్లకి చిక్కే. సుధారాణి గారి విషయంలో ఇది కాదు, అక్కడ ల్యాప్‌టాప్ వీపీఎన్ గుండానే పంపుతోంది.

కీబోర్డు_కిట్టు
ఇంత శ్రమ ఎందుకండీ? టీమ్‌వ్యూయర్ గానీ ఎనీడెస్క్ గానీ ఆఫీసు పీసీలో వేయించుకోండి. అవి 443లో కూడా వెళ్తాయి, వెబ్‌సైట్లు తెరిచే పోర్టే కాబట్టి ఎవరూ ఆపరు. పది నిమిషాల పని. నెలాఖరు లెక్కలు గడువులోగా అయిపోతాయి.

ఫైర్‌వాల్_బాబాయ్
@కీబోర్డు_కిట్టు దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకు తమ్ముడూ. ఆఫీసులో సెక్యూరిటీ చూసేది నేనే. మీరు చెప్పినట్టు చేస్తే పది నిమిషాల్లో కనెక్ట్ అవుతారు, నిజమే. కానీ అనుమతి లేని రిమోట్ టూలు వేసి కంపెనీ లెక్కలున్న పీసీకి బయటి నుంచి దారి తెరిచినట్టు. లాగ్‌లో ఆ పీసీ పేరు, యూజర్ పేరు రెండూ పడతాయి. మోసగాళ్లు ఫోన్ చేసి జనంతో వేయించేవి కూడా ఇలాంటి టూల్సే. అందుకని లాగ్‌లో అది కనిపించగానే మేము ముందు అనుకునేది చొరబాటు అని. ఆ పీసీని నెట్‌వర్క్ నుంచి తీసేస్తాం, తర్వాతే అడుగుతాం. మేడమ్‌కి ఉన్న టెన్షన్‌కి ఇదొకటి తోడవ్వాలా?

కీబోర్డు_కిట్టు
బాబాయ్, మీ మాట కాదనను. కానీ హెల్ప్‌డెస్క్ టికెట్ మూసేసింది. ఐదు రోజుల్లో పని కావాలి. నియమాలు పాటించిన మనిషి ఇంట్లో కూర్చుని ఏడవాలా? ఐటీ వాళ్లు పని చేస్తే జనం పక్కదారి వెతకరు.

ఫైర్‌వాల్_బాబాయ్
ఆ కోపం న్యాయమే. టికెట్ అలా మూయడం తప్పు. అందుకే ఆ టికెట్‌ను మళ్లీ మూయలేనంత గట్టి ఆధారాలతో తెరిపిద్దాం. రాత్రి_షిఫ్ట్ గారు చేస్తున్నది అదే.

చిన్న_సందేహం
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది తిరగబడ్డ కేసు. ఆఫీసులో కూర్చుని మధ్యాహ్నం విరామంలో మా ఇంటి పీసీలోకి వెళ్లాలి, కొన్ని సొంత ఫైళ్లు కావాలి. ఆఫీసు నెట్‌వర్క్ 3389ని బయటికి పోనివ్వదు. ఇంటి రౌటర్‌లో 443కి వచ్చింది లోపల 3389కి వెళ్లేలా పెట్టాను. మూడు వారాలు బాగా నడిచింది. ఇప్పుడు కనెక్ట్ అయినట్టే అయి వెంటనే తెగిపోతోంది. పోర్ట్ 443 అయినా ఎలా పట్టుకున్నారు?

ఫైర్‌వాల్_బాబాయ్
@చిన్న_సందేహం ఇప్పటి ఫైర్‌వాల్‌లు పోర్ట్ నంబరుతో ఆగవు, లోపల ఏం వెళ్తోందో కూడా చూస్తాయి. వెబ్‌సైట్ అయితే మొదటి పలకరింపు టీఎల్‌ఎస్‌ది, అంటే వెబ్‌సైట్లు వాడే ఎన్‌క్రిప్షన్‌ది. రిమోట్ డెస్క్‌టాప్ అలా మొదలవదు, దానికి ముందు సొంత పలకరింపు ఒకటి ఉంది. అది ఎన్‌క్రిప్షన్ మొదలవకముందే వెళ్తుంది. చాలాసార్లు అందులో ఎంఎస్‌టీఎస్‌హ్యాష్ అనే మాట, దాని పక్కన యూజర్ పేరు తేటతెల్లంగా ఉంటాయి. ఏ పోర్ట్‌లో పంపినా మొదటి ప్యాకెట్‌లోనే గుర్తుపడతారు. మూడు వారాలు నడిచిందంటే అప్పటికి ఆ తనిఖీ ఆన్ చేసి ఉండరు.

అసలు నన్ను భయపెడుతున్నది ఇది కాదు. మీ ఇంటి పీసీ మూడు వారాలుగా ఇంటర్నెట్ మొత్తానికీ తెరిచి ఉంది. 443 అయినా 3389 అయినా, వెతికే ప్రోగ్రాములు రోజంతా అన్ని అడ్రసులూ తట్టుకుంటూ తిరుగుతాయి. ఇంటికెళ్లగానే ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరు ఎంట్రీలు చూడండి. అవి విఫలమైన లాగిన్‌లు.

పాత_కేబుల్
2019 మే నెలలో బయటపడ్డ బ్లూకీప్ అనే లోపం గుర్తుందా? దాని నంబరు సీవీఈ-2019-0708. ప్యాచ్ లేని విండోస్ 7 లాంటి పాత వాటిలో పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, రిమోట్ డెస్క్‌టాప్ బయటికి తెరిచి ఉంటే లోపలికి రావచ్చు. మద్దతు ఎప్పుడో ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్యాచ్ ఇచ్చిందంటే ఎంత గట్టి ప్రమాదమో చూడండి. అప్పటి నుంచి 3389ని నేరుగా బయటికి తెరిచిన పీసీ కనిపిస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

చిన్న_సందేహం
ఇప్పుడే ఇంట్లో తమ్ముడికి ఫోన్ చేసి రౌటర్‌లో ఆ ఫార్వర్డింగ్ తీసేయించాను. లాగ్ రాత్రికి చూస్తాను.

డిజైనర్_దివ్య
మ్యాక్ వాడేవాళ్లకి ఒక మాట. మా రిమోట్ డెస్క్‌టాప్ యాప్ మెసేజ్‌తో పాటు కోడ్ ఇస్తుంది. 0x104 వస్తే ఆ పేరుతో పీసీయే దొరకలేదని, అంటే పేరు తప్పో డీఎన్‌ఎస్ తప్పో. 0x204 వస్తే పీసీని చేరలేకపోయిందని. విండోస్‌లో ఆ మూడు కారణాల మెసేజ్ కన్నా ఇది నయం.

ప్రసాద్_77
నాదీ సుధారాణి గారి సమస్యే. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాక "అథెంటికేషన్ ఎర్రర్, క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ" ఏదో అని వస్తోంది. నన్నూ నెట్‌వర్క్ వాళ్లే ఆపుతున్నట్టున్నారు.

రాత్రి_షిఫ్ట్
@ప్రసాద్_77 మీది పూర్తిగా వేరు. ఆ మెసేజ్ వచ్చిందంటే మీరు పీసీ దాకా చేరారు, 3389 తెరిచే ఉంది. నెట్‌వర్క్‌కి ఇందులో పాత్ర లేదు. క్రెడ్‌ఎస్‌ఎస్‌పీలో (లాగిన్ వివరాలను అవతలి పీసీకి చేరవేసేది) ఒక లోపాన్ని మూయడానికి 2018 మార్చిలో ప్యాచ్ వచ్చింది. అదే ఏడాది మే అప్‌డేట్‌తో నియమం గట్టిపడింది. అప్పటి నుంచి మన వైపు అప్‌డేట్ అయ్యి, వెళ్లే పీసీ కాకపోతే కనెక్షన్ ఒప్పుకోదు. మీరు వెళ్లే పీసీ ఏళ్లుగా అప్‌డేట్ లేకుండా పడి ఉందేమో చూడండి. రిజిస్ట్రీలో నియమం సడలించమని రాసే చోట్లున్నాయి, అది చేయకండి. ఆ పీసీని అప్‌డేట్ చేయడమే దారి.

ప్రసాద్_77
అది 2016లో కొన్న పీసీ, మూలన పెట్టాం. అప్‌డేట్ ఆపేసి ఉన్నమాట నిజమే. చేయిస్తాను.

మాధవి_టెస్టింగ్
పాస్‌వర్డ్ అడిగే దాకా వచ్చి ఆగిపోయేవాళ్లకి ఇంకొకటి. రోజూ పిన్‌తో తెరిచే పీసీకి రిమోట్‌లో పిన్ పనిచేయదు, అసలు పాస్‌వర్డే కావాలి. మా బాబాయ్ వాడకం లేక అసలు పాస్‌వర్డే మర్చిపోయాడు. తప్పుగా కొట్టీ కొట్టీ అకౌంట్ లాక్ చేసుకున్నాడు. ఇంకా, అవతలి పీసీలో విండోస్ హోమ్ ఎడిషన్ ఉంటే రిమోట్ డెస్క్‌టాప్‌తో దాంట్లోకి వెళ్లడం కుదరదు. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే కుదురుతుంది. హోమ్ నుంచి వేరే పీసీకి వెళ్లొచ్చు.

రాత్రి_షిఫ్ట్
మళ్లీ అసలు విషయానికి వద్దాం. సుధారాణి గారూ, ఇంకో మూడు కావాలి.

ఒకటి, ఆఫీసులో మీ పక్క సీటువాళ్లని వాళ్ల పీసీ నుంచి మీ పీసీకి ఇదే టెస్ట్-నెట్‌కనెక్షన్ చేయమనండి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పక్కర్లేదు. రెండు, మీ పీసీ ముందు ఎవరైనా కూర్చోగలిగితే కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ హైఫన్ ఏఎన్ కొట్టి, 3389 పక్కన లిజనింగ్ అని ఉందేమో చూడమనండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: మీలాగే ఇంటి నుంచి వెళ్లేవాళ్లలో ఎవరికైనా పనిచేస్తోందా? పనిచేస్తే వాళ్ల వీపీఎన్ అడ్రసు ఎంతో కనుక్కోండి.

విండో_సీటు
మూడోది భలే ఆలోచన. పనిచేసే మనిషినీ పనిచేయని మనిషినీ పక్కపక్కన పెడితే తేడా దానంతటదే బయటపడుతుంది.

సుధారాణి_అకౌంట్స్
పొద్దున ముగ్గురికి ఫోన్ చేశాను. పక్క సీటు తమ్ముడు ట్రూ వచ్చిందన్నాడు, వెంటనే వచ్చిందట. నా పీసీలో 3389 దగ్గర లిజనింగ్ అనే ఉందట. మా టీంలోనే ఇంకో ఇంటి నుంచి పని చేసే అక్కకి ఏ ఇబ్బందీ లేదు, రోజూ ఎక్కుతోంది. తన వీపీఎన్ అడ్రసు 10.8.0.44. నాది 10.21.3.7. నాది కూడా ముందు 10.8తో మొదలయ్యేదని గుర్తు. పోయిన నెల ఒక సమస్యకి తీసిన స్క్రీన్‌షాట్‌లో 10.8.0.61 అని ఉంది. ఇప్పుడే వెతికి చూశాను.

పాత_కేబుల్
దొరికింది. నా ఉద్దేశంలో ఇదే: వీపీఎన్ వాడేవాళ్లు పెరిగి పాత అడ్రసుల వరుస చాల్లేదు, కొందరిని కొత్త వరుసకి మార్చారు. మెయిల్, ఫైల్ సర్వర్లకి కొత్త వరుస నుంచి అనుమతి ఇచ్చారు. 10.8 నుంచి ఆఫీసు పీసీలకి 3389 అనుమతించే పాత రూలు ఎక్కడో ఒకచోట అలాగే ఉండిపోయింది, 10.21ని దాంట్లో కలపలేదు. మధ్య ఫైర్‌వాల్‌లో కావచ్చు, పీసీల్లో గ్రూప్ పాలసీతో (ఆఫీసు పీసీలన్నిటికీ ఒకేసారి సెట్టింగ్ పెట్టే పద్ధతి) పెట్టిన విండోస్ ఫైర్‌వాల్ రూలులో కావచ్చు. ఆ రూలులో స్కోప్ అనే చోట ఏ అడ్రసుల నుంచి రానివ్వాలో రాసి ఉంటుంది. రెండిట్లో ఏదో బయటి నుంచి చెప్పలేం, వాళ్ల లాగ్ చూస్తే నిమిషంలో తెలుస్తుంది.

ఫైర్‌వాల్_బాబాయ్
నాకూ అలాగే అనిపిస్తోంది. ఇప్పుడు టికెట్ ఇలా రాయండి మేడమ్. "రిమోట్ డెస్క్‌టాప్ పనిచేయట్లేదు" అని మొదలుపెట్టొద్దు. ఆ మాట చూడగానే పీసీ రీస్టార్ట్ చేయమంటారు. మొదటి లైనులోనే సోర్స్ 10.21.3.7, డెస్టినేషన్ 10.40.5.23, టీసీపీ 3389, జవాబు లేదు, ప్రయత్నించిన తేదీ, గంట, నిమిషం. రెండో లైను: ఆఫీసు లోపలి నుంచి అదే పీసీకి అదే పోర్ట్ పనిచేస్తోంది. మూడోది: వీపీఎన్‌లోనే 10.8 వరుసలో ఉన్నవాళ్లకి పనిచేస్తోంది, 10.21లో ఉన్న నాకు లేదు. నాది సోమవారం నుంచి మారింది. నాలుగోది: నెట్‌వర్క్ టీంకి పంపండి. అంతే. స్క్రీన్‌షాట్‌లు జత చేయండి.

నిమిషంతో సహా సమయం ఎందుకంటే, ఫైర్‌వాల్ లాగ్‌లో గంటకి లక్షల లైన్లు పడతాయి. సోర్స్, డెస్టినేషన్, పోర్ట్, సమయం నాలుగూ ఉంటే వెతకడం సులువు. ఆ నాలుగూ లేని టికెట్ వస్తే మేమే వాటి కోసం తిరిగి అడగాలి, ఆ అడగడంలోనే రెండు రోజులు పోతాయి.

కీబోర్డు_కిట్టు
నిజం చెప్పాలంటే, ఇలా రాసిన టికెట్ నా దగ్గరికొస్తే నేనూ ముందు దీన్నే తీసుకుంటాను. టీమ్‌వ్యూయర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను బాబాయ్.

ఫైర్‌వాల్_బాబాయ్
@కీబోర్డు_కిట్టు సంతోషం తమ్ముడూ. నీ తొందర మేడమ్ మీద జాలితో వచ్చిందని నాకు తెలుసు.

సుధారాణి_అకౌంట్స్
అక్షరం పొల్లుపోకుండా అలాగే పంపాను. మా మేనేజర్‌ని కూడా జత చేశాను.

చిన్న_సందేహం
రాత్రి లాగ్ చూశాను. 4625 ఎంట్రీలు స్క్రోల్ చేస్తూనే ఉన్నాను, అయిపోలేదు. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, యూజర్, ఇలాంటి పేర్లతో ప్రయత్నాలు. లోపలికి ఎవరూ రానట్టే ఉంది. పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చాను. చేతులు వణికాయి.

పాత_కేబుల్
@చిన్న_సందేహం సఫలమైన లాగిన్‌లు 4624 కింద ఉంటాయి. వాటిలో లాగాన్ టైప్ 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చినవి. మీరు వెళ్లిన వేళలు కాక వేరే వేళల్లో అలాంటిది ఒక్కటైనా ఉందేమో చూడండి. ఉంటే ఆ పీసీని నెట్ నుంచి తీసేసి మళ్లీ ఇక్కడికి రండి.

చిన్న_సందేహం
అన్నీ నేను వెళ్లిన వేళలే. ఒక్కొక్కటీ సరిచూశాను.

సుధారాణి_అకౌంట్స్
కనెక్ట్ అయింది!! నెట్‌వర్క్ టీం నుంచి ఒకతను స్వయంగా ఫోన్ చేశాడు. పాత_కేబుల్ గారు చెప్పినట్టే, సోమవారం పొద్దున కొందరిని కొత్త వరుసకి మార్చారట. మధ్య ఫైర్‌వాల్‌లో 3389 రూలుకి కొత్త వరుస కలపలేదట. లాగ్‌లో నేనిచ్చిన నిమిషంలో నా అడ్రసు పక్కన డ్రాప్ అని కనపడిందన్నాడు. నాలాగే ఇంకా పదకొండు మంది ఉన్నారట. వాళ్లందరికీ హెల్ప్‌డెస్క్ ఇంటర్నెట్ చూసుకోమనే చెప్పిందట.

కానీ ఇంకో ఇబ్బంది. లోపలికి వెళ్లాక రెండు మూడు నిమిషాలకి స్క్రీన్ బిగుసుకుపోతోంది. మౌస్ కదులుతుంది, లోపల ఏమీ కదలదు. మూసి మళ్లీ తెరిస్తే ఇంకో రెండు నిమిషాలు. లెక్కల మధ్యలో ఇలా అవుతుంటే భయంగా ఉంది.

రాత్రి_షిఫ్ట్
పన్నెండు మందికి దారి తెరిపించారు మేడమ్! బిగుసుకుపోవడానికి ఒక అనుమానం. కనెక్ట్ అయ్యాక పైన వచ్చే పట్టీలో సిగ్నల్ గీతల బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కి ఏం రాసుందో చెప్పండి.

సుధారాణి_అకౌంట్స్
కనెక్షన్ నాణ్యత బాగుంది, యూడీపీ ఎనేబుల్ అయింది అని ఉంది.

రాత్రి_షిఫ్ట్
అదే నా అనుమానం. విండోస్ 8 కాలం నుంచి రిమోట్ డెస్క్‌టాప్ టీసీపీతో (ప్యాకెట్ చేరిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి) మొదలై, వీలుంటే యూడీపీని (అలా ఆగకుండా పంపే పద్ధతి) కూడా వాడుకుంటుంది. బొమ్మలు, వీడియో సాఫీగా రావడానికి. కొన్ని వీపీఎన్‌లలో యూడీపీ ప్యాకెట్లు దారిలో పడిపోతాయి, సెషన్ తెగకుండా అలాగే బిగుసుకుపోతుంది. బహుశా కొత్త రూలులో రెండూ తెరిచి ఉంటారు. ల్యాప్‌టాప్‌లో గ్రూప్ పాలసీలో టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్ అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేస్తే టీసీపీ ఒక్కటే వాడుతుంది. దానికి అడ్మిన్ హక్కులు కావాలి, కాబట్టి మీకు ఫోన్ చేసిన ఆ అబ్బాయినే అడగండి. లెక్కలకి టీసీపీ చాలు, తేడా తెలియదు.

మాధవి_టెస్టింగ్
2025 మొదట్లో విండోస్ 11 24హెచ్2లో ఇలాంటిదే ఒకటి వచ్చింది. సర్వర్ 2016, అంతకన్నా పాత సర్వర్లకి యూడీపీతో వెళ్తే 65 సెకన్లకి తెగిపోయేది. తర్వాత అప్‌డేట్‌లో సరిచేశారు. మా టీంలో రెండు రోజులు వైఫైని తిట్టుకున్నాం. సుధారాణి గారిది తెగడం కాదు, బిగుసుకోవడం, కాబట్టి అది కాకపోవచ్చు. అయినా ల్యాప్‌టాప్ అప్‌డేట్ అయి ఉందో లేదో చూసుకోండి.

చిన్న_సందేహం
మా ఐటీ వాళ్లని ధైర్యం చేసి అడిగాను, ఇంటి పీసీకి వెళ్లడానికి ఏదైనా దారి ఇస్తారా అని. కుదరదన్నారు, కానీ మర్యాదగానే చెప్పారు. కావాల్సిన ఫైళ్లు ఫోన్‌లో పెట్టుకుని సొంత డేటాతో చూసుకోమన్నారు. అలాగే చేస్తున్నాను. పాత ఫార్వర్డింగ్ సంగతి నేనే చెప్పేశాను, ఇక అలా చేయవద్దని మాత్రమే అన్నారు.

ఫైర్‌వాల్_బాబాయ్
@చిన్న_సందేహం మీరే చెప్పడం చాలా మంచి పని. మా దగ్గర ఎవరైనా అలా వచ్చి చెబితే నేనైతే టీ ఇప్పించి కూర్చోబెడతాను.

సుధారాణి_అకౌంట్స్
యూడీపీ ఆపించాను. పొద్దున తొమ్మిదికి కనెక్ట్ అయ్యాను, ఇప్పుడు సాయంత్రం ఆరు. ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. లెక్కల్లో సగం పైగా అయ్యాయి. అమ్మ పక్క గదిలో నిద్రపోతోంది, నేను ఇక్కడే ఉన్నాను. ఇంతకన్నా నాకేం కావాలి. పేరుపేరునా అందరికీ దండాలు.

మా టీం అక్కని కూడా వచ్చే సోమవారం కొత్త వరుసకి మారుస్తారట. తనకి టెస్ట్-నెట్‌కనెక్షన్ ఎలా కొట్టాలో కాగితం మీద రాసి ఫొటో పంపాను.

రాత్రి_షిఫ్ట్
ఆ సోమవారం తన సోర్స్ అడ్రస్, ట్రూ వచ్చిందా ఫాల్స్ వచ్చిందా అన్నది ఇక్కడ రాయండి. యూడీపీ సెట్టింగ్ తన ల్యాప్‌టాప్‌లో కూడా ముందే పెట్టించమనండి.